వాస్తు గుంత, రేగడి నేల, గేరి గోడ: నంద్యాల సీమలో శాస్త్రం గురించి కొన్ని మాటలు

1. గోడ చీలింది, గుమ్మం మారింది

మాది ఆళ్ళగడ్డ దగ్గర ఒక పల్లె. సరిగ్గా చెప్పాలంటే పల్లె కాదు, పల్లెకు దక్షిణంగా, వాన నీళ్ళు వచ్చి నిలిచే పల్లంలో ఉన్న గేరి. మా జేజి కాలంలో అక్కడ బోదకొట్టాలు తప్ప ఇంకేమీ లేవు. 1990ల్లో ప్రభుత్వం కాలనీ ఇళ్ళు కట్టించినప్పుడు మా నాయనకూ ఒక ఇల్లు వచ్చింది. ఒక గది, ఒక వంటిల్లు, ముందర చిన్న అరుగు. మా వంశంలో సిమెంటు గోడ ఉన్న మొదటి ఇల్లు అదే.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఎండాకాలం ఆ ఇంటి గోడ కిటికీ మూల నుంచి పునాది దాకా చీలింది. అదే ఏడు మా నాయనకు జబ్బు చేసింది. ఎవరో చెప్పినారని మా అమ్మ టౌను నుంచి ఒక సిద్ధాంతిని పిలిపించింది. ఆయన గేరి లోపలికి రాలేదు. రోడ్డు మీదనే మోటారు సైకిల్ ఆపి, ఇంటి కొలతలు కాగితం మీద రాయించుకున్నాడు.

“గుమ్మం దక్షిణానికి ఉంది గదమ్మా. అది యముని దిక్కు. తూర్పుకు మార్చుకోండి.”

“మార్చితే ఆయన బాగైతాడా సామీ?”

“మార్చకపోతే ఏమైతాదో మాత్రం నేను చెప్పలేను.”

మా అమ్మ నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి గుమ్మం మార్పించింది. మరుసటి ఎండాకాలం కొత్త గుమ్మం పక్కనే ఇంకో చీలిక వచ్చింది. మళ్ళీ అడిగితే ఆయన చెప్పిన మాట: “దోషం తగ్గింది కాబట్టే ఇంతటితో పోయింది.” అప్పు తీరడానికి మాకు మూడేళ్ళు పట్టింది.

ఈ కథ నా ఒక్కడిది కాదు. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఏ దళితవాడలో అడిగినా ఇట్లాంటిది ఒకటి దొరుకుతుంది. ఇక్కడ మన కార్యకర్తలు సాధారణంగా చేసేది ఏమిటి? “ఇది మూఢనమ్మకం” అని ఒక మాట అని వచ్చేస్తారు. నేనూ డిగ్రీ చదివేటప్పుడు మా అమ్మతో అట్లాగే అన్నాను. ఆమె నన్ను ఎదురు అడిగింది: “రెడ్లు, కోమట్లు అందరూ చూపించుకోని కట్టుకుంటాండారు గదా నాయనా. వాళ్ళకు పనికొచ్చింది మనకు పనికిరాదా?”

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. అందులో ఉన్నది అజ్ఞానం కాదు, ఆత్మగౌరవం. నిన్నటిదాకా పక్కా ఇల్లు కట్టుకోనివ్వని సమాజంలో, వాస్తు చూపించుకోవడం కూడా ‘మేమూ ఇల్లుగలవాళ్ళమే’ అని చెప్పుకునే ఒక పద్ధతి అయింది. కాబట్టి వాస్తును ఎగతాళి చేసి లాభం లేదు. దాన్ని విప్పి చూడాలి. అందులో పరీక్షకు నిలబడే మాట ఏది, నిలబడనిది ఏది, ఆ నిలబడని మాట వల్ల ఎవరికి లాభం అనేది పిల్లలచేత, పెద్దలచేత చూపించాలి. శాస్త్రానికీ కుహనా శాస్త్రానికీ తేడా నేర్పడానికి మన సీమలో ఇంతకంటే మంచి పాఠం ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

2. పుస్తకంలో ఏముంది?

వాస్తు గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది వాస్తు గ్రంథం చదవరు. చదివితే ఇరుకున పడేది వాళ్ళే. క్రీస్తు శకం ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో వాస్తు విద్య మీద ఒక పెద్ద అధ్యాయం ఉంది. అందులో ఇల్లు కట్టే నేలను పరీక్షించే పద్ధతులు వరుసగా చెప్పాడు.

మొదటిది గుంత పరీక్ష. మూర లోతు గుంత తవ్వి, తీసిన మట్టితోనే దాన్ని పూడ్చాలి. మట్టి మిగిలితే నేల మంచిది, సరిపోతే మధ్యమం, చాలకపోతే చెడ్డది. రెండోది నీళ్ళ పరీక్ష. గుంతలో నీళ్ళు నింపి, నూరు అడుగులు నడిచి తిరిగి వచ్చి చూడాలి. నీళ్ళు తగ్గకపోతే మంచి నేల. మూడోది దీపం. కాల్చని మట్టి పాత్రలో నాలుగు దిక్కులకూ నాలుగు వత్తులు వెలిగించి గుంతలో పెట్టాలి. ఏ దిక్కు వత్తి బాగా వెలిగితే ఆ దిక్కుకు చెందిన వర్ణానికి ఆ నేల మంచిది. నాలుగోది పూలు. తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు రంగుల పూలు రాత్రంతా గుంతలో ఉంచాలి. ఏ రంగు పువ్వు వాడకపోతే ఆ రంగు వర్ణం వాళ్ళకు నేల మంచిది. దీని చివర ఒక మినహాయింపు కూడా ఉంది: ఎవరి మనసు ఏ నేలలో రమిస్తే అది వాళ్ళకు మంచిదేనట!

అంతటితో ఆగలేదు. బ్రాహ్మణుడికి తెల్ల నేల, క్షత్రియుడికి ఎర్ర నేల, వైశ్యుడికి పసుపు నేల, శూద్రుడికి నల్ల నేల. వాలు కూడా అంతే. బ్రాహ్మణుడికి ఉత్తరం వాలు, అక్కడి నుంచి వరుసగా తూర్పు, దక్షిణం, పడమర. ఇంటి వెడల్పు బ్రాహ్మణుడికి 32 మూరలతో మొదలై, వర్ణం దిగేకొద్దీ నాలుగేసి మూరలు తగ్గుతూ వస్తుంది. అందరికన్నా హీనులని ఆయన అనుకున్నవాళ్ళకు 16 మూరలకన్నా తక్కువ.

ఇది చదివిన రోజు మా కాలనీ ఇల్లు గుర్తొచ్చింది. వరాహమిహిరుడి లెక్కలో మేము పదహారు మూరల ఇంటికి కూడా అర్హులం కాదు. ఆ లెక్క రాసిన అధ్యాయం నుంచే వచ్చిన విద్యను మా అమ్మ వడ్డీకి అప్పు తెచ్చి కొనుక్కుంది.

గమనించండి. ఈ నాలుగు పరీక్షలూ ఒకే చోట, ఒకే గుంత చుట్టూ ఉన్నాయి. మొదటి రెండూ నేల గురించి అడుగుతాయి. తర్వాతి రెండూ నేలను అడ్డం పెట్టుకోని కులం గురించి చెబుతాయి. ఈ రెండింటినీ విడదీయడం నేర్పితే సగం పాఠం అయిపోయినట్టే.

3. గుంత తవ్వి చూద్దాం

నంద్యాల సీమ తూర్పున నల్లమల, పడమట ఎర్రమల మధ్య ఉన్న పల్లం. మధ్యలో కుందూ పారుతుంది. కింద ఉన్న రాతి పొరల్లో ఒకదానికి భూగర్భ శాస్త్రజ్ఞులు నంద్యాల షేల్ అనే పేరు పెట్టారు. పైన ఉండేది చాలాచోట్ల నల్లరేగడి. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం పెట్టారంటే, ఈ నేలల్లో పండే పత్తి, జొన్నల ప్రాముఖ్యం ఏమిటో అర్థం చేసుకోవచ్చు. శాస్త్రం పేరుతో శూద్రుడికి కేటాయించిన ఈ నల్ల నేల కోసమే మన సీమలో ఎన్ని తరాల భూస్వాములు కొట్లాడుకున్నారో అందరికీ తెలుసు. లాభం ఉన్నచోట వర్ణం రంగు ఎవరికీ అడ్డం రాలేదు.

ఈ రేగడిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఎక్కువ. పేక ముక్కల్లాగా పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాన పడితే నీళ్ళు ఆ పొరల మధ్యకు దూరి మట్టి ఉబ్బుతుంది. ఎండాకాలంలో నీళ్ళు పోయి కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. చేయి పట్టేంత నెర్రెలు మనం చిన్నప్పుడు అందరం చూసినవే. అట్లాంటి నేల మీద లోతులేని పునాది వేస్తే ఏటేటా అది ఇంటిని ఎత్తి దించుతుంది. గోడ చీలక ఏమవుతుంది?

మా గేరిలో సాయంత్రం పూట చదువు చెప్పే పిల్లలతో నేను ఈ గుంత పరీక్ష చేయించాను. ఒక గుంత రేగడిలో, ఒకటి రోడ్డు పక్క గరుసు దిబ్బ మీద. మే నెలలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి. రేగడి గుంతను తీసిన పెళ్ళలతో వదులుగా పూడిస్తే మట్టి మిగిలింది. అంటే పుస్తకం ప్రకారం మంచి నేల! ఒక పిల్లోడు దాన్ని దిమ్మిసతో బాగా కుమ్మినాడు. మిగిలిన మట్టి కూడా లోపలికి పోయింది. అంటే మధ్యమం. ఇంక నీళ్ళు పోస్తే మే నెలలో నెర్రెల్లోకి గటగటా దిగిపోయినాయి. చెడ్డ నేల. వానలయ్యాక పోస్తే నూరడుగులు కాదు, ఊరంతా తిరిగొచ్చినా కదలలేదు. మంచి నేల.

“అదే నేల గదా అన్నా, ఒకసారి మంచిది, ఒకసారి చెడ్డది ఎట్లా అయితాది?” అని ఆరో తరగతి పాప అడిగింది. ఆ రోజు శాస్త్రం అక్కడ మొదలైంది.

ఇక్కడ మనం న్యాయంగా ఉండాలి. గుంత పరీక్షలో ఒక మంచి గమనిక ఉంది. బిగువుగా ఉన్న నేలను తవ్వితే మట్టి వదులై ఎక్కువ అవుతుంది. పాత గుంతలు పూడ్చిన బోలు నేలలో మట్టి చాలదు. ఎప్పుడో ఎవరో మట్టి పని చేసినవాళ్ళు చూసి చెప్పిన అనుభవం అది. పార పట్టి గుంతలు తవ్వింది గ్రంథం రాసిన చేతులు కావు కాబట్టి, ఆ అనుభవం మన తాత ముత్తాతలదే అయ్యుండొచ్చని అనుకోవడానికి ఆస్కారం ఉంది. ఆ పరీక్షలో ఓడిపోవడానికి వీలుంది. మట్టి చాలకపోతే ‘చెడ్డది’ అని ఒప్పుకోక తప్పదు. ఓడిపోగలిగిన మాటనే సరిదిద్దుకోవచ్చు. ఏ కాలంలో తవ్వాలి, ఎంత కుమ్మాలి అని నియమం పెట్టుకోవచ్చు.

ఇప్పటి ఇంజనీర్లు చేసింది అదే. రేగడి ఎంత ఉబ్బుతుందో చూడటానికి ఒక పరీక్ష ఉంది. ఎండబెట్టి, సన్న జల్లెడ పట్టిన మట్టి పది గ్రాములు ఒక కొలత గొట్టంలో నీళ్ళలో వేయాలి. అంతే మట్టి ఇంకో గొట్టంలో కిరసనాయిలులో వేయాలి. ఇరవై నాలుగు గంటల తర్వాత రెండింటి మట్టి ఎత్తు చూడాలి. కిరసనాయిలు ఈ బంకమట్టిని ఉబ్బించదు, నీళ్ళు ఉబ్బిస్తాయి. రెండింటి తేడానే ఉబ్బే గుణం. ‘పోల్చడానికి ఇంకొకటి పక్కన పెట్టుకోవడం’ అనే శాస్త్ర పద్ధతిని ఏ హైస్కూలులోనైనా రెండు సీసాలతో నేర్పవచ్చు.

మరి పువ్వు పరీక్ష? నల్ల పువ్వు వాడింది, తెల్ల పువ్వు నిలిచింది అనుకుందాం. దానివల్ల నేల గురించి ఏం తెలిసింది? ఏ పువ్వు ఎన్ని రోజులు నిలుస్తుందనేది ఆ పువ్వు జాతిని బట్టి ఉంటుంది. పైగా ఫలితం నచ్చకపోతే ‘మనసు రమిస్తే చాలు’ అనే మినహాయింపు చేతిలో ఉంది. ఈ మాటను ఓడించడం ఎవరి తరమూ కాదు. మా సిద్ధాంతి మాటా అంతే. మా నాయన బాగైతే వాస్తు గెలిచేది. బాగుకాకపోతే దోషం ‘ఇంతటితో పోయింది’. ఏం జరిగినా తప్పు కాని మాట ఏమీ చెప్పని మాటే అని పిల్లలకు తెలియాలి.

4. ఆళ్ళగడ్డ సుత్తి

ఇట్లాంటిదే ఇంకో పాఠం ఆళ్ళగడ్డ రోడ్డు పక్కన దొరుకుతుంది. ఆళ్ళగడ్డ శిల్పులకు పేరున్న ఊరు. ఇక్కడ చెక్కిన విగ్రహాలు దూరదూర ఊర్లకు పోతాయి. శిల్పి రాయిని ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి వింటాడు. ఖంగుమని మోగితే పనికొస్తుంది, బొత్తుగా పలికితే పక్కన పెడతాడు. శిల్పశాస్త్ర గ్రంథాల్లో ఈ మోతను బట్టి మగరాయి, ఆడరాయి, నపుంసక రాయి అని విభజన ఉంది. కొన్నింటిలో రంగును బట్టి రాళ్ళకు కూడా వర్ణం అంటగట్టారు.

తట్టి వినడం శాస్త్రం. లోపల పగులు ఉంటే కంపనం అక్కడ తెగిపోయి మోత చచ్చుబడుతుంది. సంతలో కుండ కొనేటప్పుడు మన అవ్వలు వేలితో తట్టి చూసేదీ అందుకే. చచ్చుగా పలికిన రాయిని చీల్చి చూస్తే పగులు కనిపించాలి, లేకపోతే శిల్పి అంచనా తప్పు. అదీ పరీక్ష. కానీ ఈ రాయి మగది, ఈ రాయి బ్రాహ్మణ రాయి అంటే, దాన్ని ఎన్ని ముక్కలు చేసి చూసినా లోపల లింగమూ కనపడదు, కులమూ కనపడదు.

పని చేసే చేతిలో పుట్టిన జ్ఞానం మీద తర్వాత ఎవరో కులం పూత పూసిన తీరు వాస్తులోనూ, శిల్పంలోనూ ఒకేలాగా ఉంది. పూతను గీకేస్తే మిగిలేది శ్రమ జ్ఞానం. దాన్ని మనం వదులుకోనక్కర లేదు. అది మనదని చెప్పుకోవాలి.

5. దక్షిణం ఎవరికి చెడ్డది?

కొన్నేళ్ళుగా నంద్యాల అంగళ్ళలో నవ్వే బుద్ధుడి బొమ్మలు, గాలికి మోగే గంటలు అమ్ముతున్నారు. చైనా వాస్తు అంటారు, ఫెంగ్‌షుయ్. ఆ మాటకు అర్థం గాలి, నీరు. ఒకే ఇంట్లో సిద్ధాంతి చెప్పిన గుమ్మమూ ఉంటుంది, చైనా గంటా ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే చాలు, మంచి పాఠం అవుతుంది.

మన వాస్తులో దక్షిణం యముడిది, దక్షిణ గుమ్మం భయం. ఫెంగ్‌షుయ్ సంప్రదాయంలో దక్షిణ ముఖమే శ్రేష్ఠం. చైనా చక్రవర్తి దక్షిణం వైపు చూస్తూ కొలువు తీరేవాడు. బీజింగ్‌లో చక్రవర్తుల కోట ప్రధాన ద్వారం దక్షిణానికే ఉంది. ఒకే భూమి, ఒకే సూర్యుడు. ఒక శాస్త్రం ప్రకారం చావు, ఇంకో శాస్త్రం ప్రకారం సామ్రాజ్యం. రెండూ నిజం కావడం కుదరదు.

ఎందుకు ఇట్లా వచ్చింది? బీజింగ్ సుమారు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడ సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు, మధ్యాహ్నం దక్షిణంగానే ఉంటాడు. చలికాలం ఉత్తరం నుంచి చలిగాలి. దక్షిణానికి తలుపు పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. నంద్యాల 15 డిగ్రీల పైన కొంచెం. మన దగ్గర మే మొదటి వారంలోనూ, ఆగస్టు రెండో వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. నిలువుగా పాతిన కట్టెకు ఆ క్షణాన నీడ ఉండదు. ఈ రెండు రోజుల మధ్య కాలంలో మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరానికి. బడి ఆవరణలో ఒక కట్టె పాతి పిల్లలచేత ఏడాది పొడుగునా నీడ గుర్తు పెట్టిస్తే, దిక్కు అనేది దేవుడి సొత్తు కాదనీ, ఎండ, గాలి, చోటును బట్టి లెక్క మారుతుందనీ వాళ్ళకే తెలుస్తుంది.

ఇక్కడ కూడా న్యాయం చెప్పాలి. చైనాలో అయస్కాంత సూదిని ఓడల్లో వాడకముందే భూమి దిక్కులు చూసేవాళ్ళు వాడారు. 1088 ప్రాంతంలో షెన్ కువో అనే పండితుడు, ఆ సూది సరిగ్గా దక్షిణం చూపదు, కొంచెం తూర్పుకు ఒరుగుతుంది అని రాసిపెట్టాడు. నమ్మకం కోసం పట్టుకున్న పనిముట్టు నమ్మకానికి లొంగని నిజం చూపింది. ఆయన దాన్ని దాచలేదు. శాస్త్రానికి కావలసింది ఆ నిజాయితీ.

మరి మన గేరి దక్షిణాన ఎందుకుంది? మా గేరి దక్షిణాన ఉండడం వల్ల మాకు దరిద్రం వచ్చిందా, లేక మమ్మల్ని దరిద్రులుగా ఉంచినవాళ్ళు మాకు ఆ పల్లం ఇచ్చారా? చండాలుర నివాసం శ్మశానం అంచున ఉండాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెప్పింది. ఊరి బయట ఉండాలని మనుస్మృతి చెప్పింది. బృహత్సంహిత బ్రాహ్మణులకు ఉత్తరం మొదలుపెట్టి దిక్కులు పంచింది. అంటే దిక్కు చెడ్డదై మనుషులు చెడలేదు. మనుషులను వెలివేసి, వాళ్ళకు వదిలిన చోటును తర్వాత చెడ్డ దిక్కు అన్నారు. కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేయడం కుహనా శాస్త్రం చేసే పెద్ద మోసం.

అంబేద్కర్ 1948లో అస్పృశ్యుల మీద రాసిన పుస్తకంలో ఈ ప్రశ్ననే వేరే రూపంలో ఎత్తుకున్నాడు. అస్పృశ్యులు ఊరి బయట ఎందుకు ఉన్నారు? వాళ్ళది వేరే జాతి అని అప్పటి ‘శాస్త్రం’ చెప్పింది. రిస్లీ వంటి అధికారులు ముక్కు కొలతలు తీసి కులాలకు జాతులు అంటగట్టిన కాలం అది. అంబేద్కర్ ఆ కొలతలను తిట్టి వదిలేయలేదు. ఆ కొలతలనే తీసుకోని, బ్రాహ్మణుడికీ అస్పృశ్యుడికీ జాతి తేడా ఉందనే వాదం వాటి ముందే నిలబడదని చూపించాడు. తన సొంత సిద్ధాంతాన్ని కూడా ఒక ప్రతిపాదనగానే పెట్టి, ఆధారాలు చూపాడు. మనకు ఇంతకంటే మంచి గురువు ఎవరు?

6. రాజ్యమే వాస్తు చూపించుకుంటే

పేదవాడి గుమ్మం సంగతి సరే, ప్రభుత్వాల సంగతి ఏమిటి? రాజ్యాంగంలో 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం ప్రతి పౌరుడి విధి అంటుంది. 1976లో 42వ సవరణతో అది వచ్చింది. 2001లో యు.జి.సి. విశ్వవిద్యాలయాల్లో ‘జ్యోతిర్విజ్ఞానం’ కోర్సులు పెట్టాలని నిర్ణయించింది. హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ, మరికొందరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళారు. హైకోర్టు కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. మా గేరి నుంచి విశ్వవిద్యాలయం మెట్లు ఎక్కడానికి మాకు ఇన్ని తరాలు పట్టింది. ఎక్కేసరికి సిద్ధాంతి ముందే వచ్చి అక్కడ కుర్చీ వేసుకోని ఉన్నాడు.

2015లో తెలంగాణ సచివాలయాన్ని వేరే చోటికి మార్చాలనుకున్నప్పుడు, ఉన్న భవనాలకు వాస్తు బాగాలేదని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు బహిరంగంగానే అన్నాడు. తర్వాత భద్రత వంటి ఇతర కారణాలు కూడా ప్రభుత్వం చెప్పింది. 2020లో పాత భవనాలు కూల్చారు. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన కొత్త భవనానికి పెట్టిన పేరు ఎవరిది? డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ది! పేరు మనకు, వాస్తు వాళ్ళకు. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో అమరావతి నగర ప్రణాళికలో కూడా వాస్తును లెక్కలోకి తీసుకున్నారు. ముఖ్యమంత్రులే ఇట్లా చేస్తుంటే మా అమ్మను తప్పుపట్టే హక్కు ఎవరికుంది?

7. బడిలో, వాడలో ఏం చెయ్యాల?

ఉపాధ్యాయులకూ కార్యకర్తలకూ నేను చెప్పదలచింది మూడు మాటలు.

ఒకటి, మనిషిని కాకుండా మాటను పరీక్షించాలి. ‘నువ్వు నమ్ముతావా?’ అని అడిగితే ఎవరైనా ముడుచుకుంటారు. ‘ఈ మాట తప్పయితే మనకు ఎట్లా తెలుస్తాది?’ అని అడగాలి. జవాబు ఉంటే పరీక్షిద్దాం. లేకపోతే అది శాస్త్రం కాదు.

రెండు, ఫలితం రాకముందే అంచనా రాయించాలి. జయంత్ నార్లీకర్, ఆయన సహచరులు మహారాష్ట్రలో జ్యోతిష్కులను పరీక్షించిన తీరు మనకు ఆదర్శం. చురుకైన పిల్లల జాతకాలు నూరు, మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలు నూరు సేకరించి, ఏది ఎవరిదో చెప్పకుండా కొన్నికొన్ని ఇచ్చారు. పాల్గొన్న 27 మంది జ్యోతిష్కులు సరిగ్గా చెప్పింది సగటున 46 శాతం. రూపాయి బిళ్ళ ఎగరేసినా సగం వస్తుంది. వాస్తుకు ఇట్లాంటి పరీక్ష పెట్టడానికి మన ప్రయోగశాల మన కాలనీలే. 1979లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ, 1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ ఇళ్ళు వచ్చాయి. చాలా కాలనీల్లో వీధికి అటూ ఇటూ ఎదురెదురు వరుసలు. ఒక వరుస గుమ్మం ఉత్తరానికి ఉంటే ఎదురు వరుసది దక్షిణానికి. అదే నేల, అదే ప్లాను, అదే కూలి బతుకు. దిక్కు ఒక్కటే తేడా. ఏ వరుసలో జబ్బులు, అప్పులు ఎక్కువ ఉండాలో వాస్తు తెలిసినవాళ్ళచేత ముందు కాగితం మీద రాయించండి. తర్వాత పిల్లలను ఇంటింటికీ పంపి, ఒక్క ఇల్లు కూడా వదలకుండా రాయించండి. నచ్చినవి ఏరుకోకూడదనేది ఇందులో అసలు పాఠం.

మూడు, దోషం ఎక్కడుందో చూపించి ఆగిపోకూడదు, దానికి బాధ్యులెవరో అడగాలి. రేగడిలో ఇల్లు నిలబడాలంటే ఏం చెయ్యాలో తెలియని రహస్యం కాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఇట్లాంటి నేలలకోసం కింద ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులు ఎప్పుడో రూపొందించింది. అంత ఖర్చు పెట్టలేకపోయినా పునాది కింద రేగడి తీసేసి ఇసుకో గరుసో నింపడం, గోడ పక్కన నీళ్ళు నిలవకుండా చూడటం, మురుగు కాల్వ తీయడం చెయ్యొచ్చు. మా ఇంటి గోడ చీలిన చోటు నేను తర్వాత జాగ్రత్తగా చూశాను. జాలాడి నీళ్ళు పోవడానికి దారి లేక సరిగ్గా ఆ గోడ మొదట్లోనే ఇంకుతున్నాయి. ఒక పక్క తడిసి ఉబ్బిన నేల, ఇంకో పక్క ఎండి కుంచించుకుపోయిన నేల. గుమ్మం ఏ దిక్కుకు పెట్టినా ఆ గోడ చీలేదే.

దోషం గుమ్మంలో ఉందని నమ్మినంతకాలం మేము కాల్వ గురించి ఎవరినీ అడగలేదు. రేగడి మీద లోతులేని పునాది వేసి బిల్లు తీసుకున్నవాళ్ళనూ అడగలేదు. ఊరికి మెరక, గేరికి పల్లం ఎందుకని కూడా అడగలేదు. తప్పంతా మాదే, మా గుమ్మానిదే అనుకోని మా డబ్బుతో మేమే సరిదిద్దుకోబోయినాము. వాస్తు పేదవాడికి చేసే అసలు నష్టం ఇదే.

గుంత పాఠం అయిన ఏడాది మా గేరి పిల్లలు, వాళ్ళ అమ్మలు కలిసి కాల్వ కోసం అర్జీ రాసినారు. చీలిన గోడలు ఎన్నో, నీళ్ళు నిలిచే ఇళ్ళు ఎన్నో లెక్క కట్టి దానికి జోడించినారు. మా అమ్మ వేలిముద్ర మొదటిది. కాల్వ సగం దాకా వచ్చింది, మిగతా సగం కోసం ఇంకా తిరుగుతున్నాం. ఆమె ఇప్పటికీ శుక్రవారం గడపకు పసుపు రాస్తుంది. నేను ఏమీ అనను. కానీ పోయిన ఏడు మా చెల్లెలు ఇల్లు మొదలుపెట్టినప్పుడు మేస్త్రీని ఆమె అడిగిన మొదటి మాట దిక్కు గురించి కాదు: “కింద రేగడి ఎంత లోతు ఉందబ్బీ? తవ్వి చూసినావా?”